తోడు పెట్టిన గిన్నెను కదపకండి

మారేడుపల్లిలో మా వీధి చివరి పార్కులో రోజూ సాయంత్రం నేను కూర్చునే బెంచీ ఒకటుంది. ముప్పయ్యొక్క ఏళ్లు లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైనదాన్ని కాబట్టి దానికి ఫీజు లేని ట్యూషన్ సెంటరని పేరు పడిపోయింది. పిల్లలెవరూ రారు. అమ్మానాన్నలే వస్తారు. ఈమధ్య ఒకాయన వచ్చి పక్కన కూర్చుని, "మావోడు పది నిమిషాలు కుదురుగ కూసోడు మేడమ్. ఐఐటీ గోల్ పెట్టుకున్నడు గానీ పుస్తకం ముందల ఉండడు. ఏం చెయ్యాలె?" అన్నాడు.

"ఆ గోల్ పెట్టింది ఎవరు?" అనడిగాను.

ఆయన తడబడి నవ్వాడు. "ఇద్దరం కలిసే పెట్టుకున్నం." మాట్లాడుతున్నంతసేపూ ఆయన బొటనవేలు ఫోన్ మీద పైకీ కిందికీ తిరుగుతూనే ఉంది.

ఆ పూట ఆయనకు నా దగ్గర సరైన జవాబు దొరకలేదు. ఇంటికొచ్చి పాలు కాచి, గోరువెచ్చగా అయ్యాక తోడు వేసి మూత పెడుతుంటే తట్టింది. పెరుగు తోడు పెట్టడం మన ఇళ్లలో ఎవరూ ప్రత్యేకంగా కూర్చోబెట్టి నేర్పని విద్య. పాల వేడి వేలికి ఓర్చుకునేంత ఉండాలి. చెంచాడు తోడు చాలు, చలికాలమైతే ఇంకాస్త. గిన్నెకు గుడ్డ చుట్టి ఓ మూల పెట్టాలి. ఆ తరవాత మనం చెయ్యాల్సింది ఊరుకోవడమే. గంటకోసారి మూత తీసి, గిన్నె వంచి, తోడుకుందో లేదోనని చూసేవాళ్లింట్లో పొద్దున్నకి నీళ్లూ గడ్డలూ వేరుగా ఉంటాయి.

పిల్లల అలవాట్ల దగ్గర మనలో చాలామందిమి గిన్నె వంచే రకమే. నేనూ అంతే, ఆ మాట ముందే ఒప్పుకుంటాను. మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా రాత్రి పడుకోబోయే ముందు డైరీ రాయడం మొదలుపెట్టింది. ఎవరూ రాయమనలేదు, దానంతట అదే. రెండు నెలలు విడవకుండా రాసింది. ఒకరోజు అది స్కూలుకెళ్లాక డైరీ తెరిచాను. చదవడమే తప్పు. ఆపైన చేతిలో ఉన్న ఎర్ర పెన్నుతో రెండుచోట్ల ఒత్తులు దిద్దాను. దురుద్దేశమేం లేదు, ఉద్యోగపు అలవాటు. ఆ రాత్రి డైరీ బయటికి రాలేదు. మరి ఎప్పుడూ రాలేదు. మొన్నామధ్య దాని కొడుకు హోంవర్కు నేను పట్టుకుంటే, "అమ్మా, ఎర్ర పెన్ను మాత్రం తేవద్దు" అంది నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు.

అందుకే రోజూ ఒక పనిని పట్టుకుని ఉండడం గురించి ఎవరైనా అడిగితే నేను విజేతల కథలు చెప్పను. వాళ్ల గెలుపు రోజుల కన్నా ముందున్న మామూలు రోజుల సంగతి చెబుతాను. దానికి దూరం పోనక్కర్లేదు. మన సికింద్రాబాద్‌లోనే మూడు చోట్లున్నాయి.

మొదటిది బేగంపేటలో, పాత విమానాశ్రయానికి దగ్గర్లో ఉన్న పాతకాలపు కట్టడం. దాన్ని దాటి వేలసార్లు బస్సులో వెళ్లాను గానీ యాభై ఏళ్లొచ్చేదాకా లోపలికి తొంగిచూడలేదు. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు ఒక దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని చూసింది అక్కడే. ఏటా ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుకునేది అందుకే. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇంతవరకు జనరల్ నాలెడ్జ్ పుస్తకాల్లో ఉన్నదే. పిల్లల చేత ఈ తేదీలు బట్టీ వేయించిన పాపం నాకూ ఉంది.

పుస్తకాల్లో రెండు ముక్కల్లో తేల్చేసేది ఆగస్టు 20కి ముందు రెండేళ్ల సంగతి. రాస్ 1895లో సికింద్రాబాద్‌కు వచ్చాడు. మధ్యలో బెంగుళూరులో కలరా పని మీద పడ్డా, ఊటీ వైపు వెళ్లి తనే మలేరియాతో మంచం పట్టినా, మళ్లీ వచ్చి దోమల ముందే కూర్చునేవాడు. పొద్దున ఆసుపత్రి పని. తరవాత మైక్రోస్కోపు. పంఖా వేసుకుంటే కోసి పెట్టిన దోమలు ఎగిరిపోతాయి కాబట్టి గాలి లేదు. నుదుటి మీంచి, చేతుల మీంచి కారే చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయని, దానికి మిగిలిన ఒక్క ఐపీస్‌కూ పగులు వచ్చిందని ఆయనే రాసుకున్నాడు. ఇంత చేసి ఆ రెండేళ్లూ చూసింది తప్పుడు దోమలను! మలేరియాను మోయని రకాలను కోసి కోసి, ఏమీ లేదని రాసుకుంటూ పోయాడు.

తల్లిదండ్రులు ఆగి ఆలోచించాల్సింది ఇక్కడే. ఆ రెండేళ్లలో ఏ రోజు సాయంత్రమైనా ఎవరైనా వెళ్లి "ఇవాళ ఎంతవరకు వచ్చింది?" అని అడిగితే రాస్ ఏం చెప్పాలి? "ఏమీ రాలేదు" అనే చెప్పాలి. నిజమే, ఏమీ రాలేదు. కాకపోతే దోమ పొట్టలోపల మామూలుగా ఏముంటుందో, ఏ కణం ఎలా కనిపిస్తుందో రెండేళ్లలో ఆయన కంటికి పట్టేసింది. ఆగస్టు నడిమికి ఆయన చేతికి రెక్కల మీద మచ్చలున్న వేరే రకం దోమలు చిక్కాయి. హుసేన్ ఖాన్ అనే రోగిని వాటి చేత కుట్టించి, కుట్టిన దోమకు అణా చొప్పున ఇచ్చాడు. (నోబెల్ రాస్‌కు, పది అణాలు హుసేన్ ఖాన్‌కు. ఆయన గురించి మనకింకేమీ తెలియకపోవడం నాకెప్పుడూ గుచ్చుకుంటుంది.) ఆ దోమల్లో చివరికి మిగిలిన వాటిలో ఒకదాన్ని 20వ తేదీ మధ్యాహ్నం కోసినప్పుడు కడుపు గోడలో ఇదివరకెన్నడూ చూడని నల్లపొడి చుక్కలున్న కణాలు కనిపించాయి. రెండేళ్లుగా "లేదు" అని చూసిన కన్ను కాబట్టే "ఉంది" అన్నది పట్టింది. కొత్తగా వచ్చి మైక్రోస్కోపులో తొంగిచూసినవాడికి అది మరో మరకగా కనిపించి ఊరుకునేది.

రోజూ చెయ్యడం ఒక సగం. చేస్తున్నది చూస్తూ చెయ్యడం రెండో సగం. ఈ రెండోది లేకుండా పిల్లవాడు రోజూ నలభై లెక్కలు చేసినా అది చేతి పనే. నా తరగతుల్లో అలాంటి పిల్లలు ఏడాదికి పదిమందైనా ఉండేవారు. నోటుబుక్కు నిండిపోతుంది, అదే తప్పు ప్రతి పేజీలోనూ ఉంటుంది. వాళ్లకు నేను నలభై ఆపించి నాలుగు ఇచ్చేదాన్ని. చేశాక, ఎక్కడ చెయ్యి ఆగిందో పక్కన ఒక్క మాట రాయమనేదాన్ని. "ఇక్కడ మైనస్ మర్చిపోబోయాను" అని ఒక పిల్ల రాసింది. మర్చిపోబోయానని! నాలుగు వందల లెక్కలు నేర్పనిది ఆ మాటలో ఉంది.

రాస్ కథ చెప్పినప్పుడు ఒక తండ్రి ఎదురు వాదన పెట్టాడు. రాస్‌కు చిన్నప్పుడు కవిత్వమన్నా బొమ్మలన్నా సంగీతమన్నా ఇష్టమట కదా, సైన్యంలో పెద్ద అధికారి అయిన తండ్రే బలవంతంగా డాక్టరీలో చేర్పించాడట కదా, మరి బలవంతం పనిచేసినట్టే కదా అని. బాగా చదువుకున్న మనిషే. అవును, లండన్‌లో వైద్య విద్యలో చేర్పించింది తండ్రే. ఆ తరవాత ఏమైందో కూడా చూడాలి. కుర్రాడు పాఠాల కన్నా పద్యాల మీద, నాటకాల మీద ఎక్కువ పొద్దు గడిపాడు. వైద్య పరీక్షల్లో ఒకటి రెండోసారికి గానీ దాటలేదు. 1881లో ఉద్యోగంలో చేరాక కూడా చాలా ఏళ్లు నిప్పు రాజుకోలేదు. 1894లో లండన్‌లో పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు మలేరియా క్రిమిని కళ్లారా చూపించి, ఇది దోమల్లో ఉంటుందేమోనన్న అనుమానం చెప్పాడు. అప్పటికి రాస్‌కు ముప్పై ఏడేళ్లు. ఆ ప్రశ్న తనదైంది. తండ్రి ఇచ్చిన డాక్టరీ ఇరవై ఏళ్లు చెయ్యని పనిని ఆ ఒక్క ప్రశ్న మూడేళ్లలో చేయించింది. తండ్రి చేసింది బొత్తిగా వృథా అనను, మైక్రోస్కోపు పట్టుకోవడం ఆ చదువే నేర్పింది. కానీ చెమటతో మరలు తుప్పు పట్టేదాకా కూర్చోబెట్టింది మాత్రం ఆ చదువు కాదు.

రెండో చోటు సెయింట్ జాన్స్ క్రికెట్ శిబిరం. ఈ కథ మీకు తెలిసే ఉంటుంది గానీ, తల్లిదండ్రుల వైపు నుంచి ఎప్పుడైనా చూశారా? ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేసి వచ్చిన దొరైరాజ్ గారికి పొద్దున్నే లేవని కూతురుంది. బద్ధకం వదులుతుందని అన్నతోపాటు ఆమెను కూడా క్రికెట్ శిక్షణకు తీసుకెళ్లాడు. అప్పుడామెకు పదేళ్లు. భరతనాట్యం నేర్చుకుంటున్న పిల్ల. కోచ్ జ్యోతిప్రసాద్ ఆమె బ్యాటు పట్టిన తీరు చూసి ఈ అమ్మాయి మీద దృష్టి పెట్టండి అన్నాడు. తరవాత సంపత్‌కుమార్ దగ్గర శిక్షణ. కీస్ హైస్కూలు నుంచి మిథాలీ రాజ్ నడిచి వచ్చిన దారి అది. 1999 జూన్ 26న ఐర్లాండ్ మీద ఆడిన మొదటి వన్డేలోనే 114 నాటౌట్. 2022 జూన్‌లో ఆట ముగించేనాటికి 232 వన్డేలు, 7,805 పరుగులు.

తండ్రి కోరిక ఎంత చిన్నదో చూడండి. దేశానికి ఆడాలని కాదు, పొద్దున లేవాలని. అంత చిన్న పని పెట్టుకోబట్టే పిల్లకు ఊపిరాడింది, మిగతాది ఆట దగ్గర తనే వెతుక్కుంది. అదే ఆ ఇంట్లో మొదటి రోజే గోడ మీద "టీమిండియా" అని రాసి అతికించి ఉంటే ఏమయ్యేదో నేను ఊహించగలను, ఎందుకంటే గోడ మీద "ఐఐటీ" అని అతికించిన ఇళ్లు చాలా చూశాను. పిల్లలు ఆ కాగితం వైపు చూడకుండా గదిలో తిరగడం నేర్చుకుంటారు.

మిథాలీది ఇంకొక ఫొటో ఉంది. 2017 ప్రపంచకప్‌లో ఇంగ్లండ్‌తో మొదటి మ్యాచ్. తన బ్యాటింగ్ వంతు కోసం ప్యాడ్లు కట్టుకుని కూర్చుని ప్రశాంతంగా పుస్తకం చదువుకుంటోంది, రూమీ కవిత్వం. తరవాత వెళ్లి 71 పరుగులు చేసింది, వరసగా ఏడో అర్ధశతకం. ఆ ఫొటో చూసి మా బెంచీ దగ్గర ఒకామె, "ఇంకేం, పరీక్ష హాలు బయట మా పాపకీ పుస్తకమిస్తా" అంది. నాకు నవ్వొచ్చింది. పుస్తకంలో మంత్రమేం లేదు. ఏళ్ల తరబడి ఆటకు ముందు చదువుకోవడం ఆమెకు అలవాటు. మనసుకు ఆ దారి తెలుసు, ప్రపంచకప్ రోజూ మామూలు రోజులాగే ఆ దారినే వెళ్లింది. పరీక్ష రోజున కొత్తగా చేతికిచ్చే పుస్తకం, కొత్తగా చెప్పే ప్రాణాయామం పిల్లలకు ఇంకో బరువు. చెయ్యాలనుకుంటే జూన్‌లో మొదలుపెట్టండి, మార్చిలో కాదు.

మూడోది తార్నాక వైపున్న రైల్వే సిగ్నల్ ఇంజినీరింగ్ శిక్షణ సంస్థ బ్యాడ్మింటన్ కోర్టులు. అక్కడ మెహబూబ్ అలీ దగ్గర పి.వి. సింధు మొదటి పాఠాలు నేర్చింది. ఆ తరవాత గచ్చిబౌలిలోని గోపీచంద్ అకాడమీకి రోజూ 56 కిలోమీటర్ల ప్రయాణమని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. ఆమె పతకాలన్నీ మీ పిల్లలకే నాకన్నా బాగా తెలుసు. నాకు నచ్చే సంగతి వేరు. అమ్మానాన్నలిద్దరూ వాలీబాల్ ఆటగాళ్లు. నాన్న రమణ 1986 ఏషియాడ్‌లో కాంస్యం గెలిచిన జట్టులో మనిషి, అర్జున అవార్డు అందుకున్నాడు. అలాంటి ఇంట్లో ఆరడుగులకు దగ్గరగా ఎదుగుతున్న అమ్మాయి చేతికి వాలీబాల్ ఇవ్వడమే తేలిక. కూతురు రాకెట్ పట్టుకుంటానంటే సరేనని, తెల్లవారకముందే లేచి తిప్పారు. గమ్యం పిల్లది, తెల్లవారుజామున లేవడం పెద్దవాళ్లది. ఈ పంపకం తారుమారైన ఇళ్లే నా బెంచీ దగ్గరికి వస్తాయి.

రియో ఒలింపిక్స్‌కు ముందు మూడు నెలలు గోపీచంద్ ఆమె ఫోన్ తీసి దగ్గర పెట్టుకున్న సంగతి అందరూ చెబుతారు. తమ పిల్లల ఫోన్ లాక్కున్నాక ఇంకా గట్టిగా చెబుతారు. అప్పటికామెకు ఇరవయ్యొక్కేళ్లు. ఎందుకు తీశాడో, ఎప్పుడు తిరిగిస్తాడో ఇద్దరికీ తెలుసు. వెండి పతకం రాగానే ముందుగా ఫోన్ తిరిగిస్తానని ఆయన అన్నాడు కూడా. గడువూ కారణమూ ఉన్న ఒప్పందమది. కోపంలో గుంజుకుని బీరువాలో పడేసి, తాళం నడుముకు దోపుకోవడం వేరు.

ఇక మీరు అడిగే "మరి మేమేం చెయ్యాలి" అన్నదానికి వస్తాను. నా దగ్గర పెద్ద జాబితా లేదు.

పని చిన్నది కావాలి, సిగ్గుపడేంత చిన్నది. రోజూ రెండు గంటలు వయోలిన్ అనకండి, పెట్టె తెరిచి పది నిమిషాలు. దాన్ని అప్పటికే ఇంట్లో జరిగే ఏదో ఒక పనికి ముడెయ్యండి: స్నానం అవగానే, సాయంత్రం పాలు తాగగానే, దీపం పెట్టగానే. గడియారానికి ముడేస్తే ఏడూ పదికి "ఇవాళ టైమైపోయింది" అన్న సాకు దొరుకుతుంది. స్నానానికి అలాంటి సాకు ఉండదు. చోటు కూడా ఒకటే ఉండాలి. మనవి చిన్న ఇళ్లు, స్టడీ రూములెక్కడివి? డైనింగ్ టేబుల్‌కు ఒక మూలైనా చాలు, ఆ పది నిమిషాలు ఆ మూల మీద కూరగాయల సంచీ పెట్టకపోతే చాలు.

ఇరవై ఒక్క రోజులు చేస్తే అలవాటవుతుందని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. ఈ ఇరవై ఒకటి 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ రాసిన పుస్తకం నుంచి ఊరు మీద పడింది. ఆయన చెప్పింది ఆపరేషన్ తరవాత కొత్త ముఖానికి అలవాటు పడడానికి కనీసం అన్ని రోజులు పడుతుందని. 'కనీసం' ఎక్కడో జారిపోయింది, ముఖమూ జారిపోయింది, అంకె మిగిలింది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ, ఆమె తోటివాళ్లు 96 మందిని తీసుకుని, రోజూ ఒక చిన్న పని ఎంచుకోమని చూశారు. పని దానంతటది జరిగిపోయే స్థితికి రావడానికి నడిమికి 66 రోజులు పట్టింది. కొందరికి 18, కొందరి లెక్క 254 దాకా పోయింది. లెక్కల టీచరుగా నాకు ఆ అరవై ఆరు కన్నా 18కీ 254కీ మధ్య ఉన్న దూరం ముఖ్యం. మీ పెద్దవాడు పద్దెనిమిది రకం, చిన్నది రెండు వందల యాభై నాలుగు రకం కావచ్చు. ఒకే ఇంట్లో ఒకే కొలత పట్టుకుని "అన్నను చూసి నేర్చుకో" అనకండి. అదే పరిశోధనలో తేలిన ఇంకో మాట నాకు ఊరటనిచ్చింది: మధ్యలో ఒకరోజు తప్పిపోతే పెద్దగా నష్టమేమీ లేదు. బోనాలకో పెళ్లికో జ్వరానికో ఒకరోజు పోతుంది. "చూశావా, మళ్లీ మొదటికొచ్చావ్" అనే మాట ఆ పోయిన రోజు కన్నా ఎక్కువ చెరుపు చేస్తుంది.

నలభై ఒక్క రోజుల దీక్ష గురించి మనకంటే ఎవరికి తెలుసు? అయ్యప్ప మాల వేసుకున్న మా వీధి కుర్రాళ్లు ఆ మండలం రోజులూ తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం చేస్తారు, సిగరెట్టు ముట్టరు, నోటివెంట తిట్టు రాదు. శబరిమల నుంచి దిగాక కొందరు రైలు స్టేషన్‌లోనే వెలిగిస్తారు. కొందరు మాత్రం ఇక మరి వెలిగించరు. నేను ఆ రెండో రకం వాళ్లను అడిగి చూశాను. ఒకతను చెప్పాడు, "మధ్యలో ఓ రోజు పొద్దుగాల నిద్రలేస్తే ఛాతీల బరువు లేదు మేడమ్, అది జర గమనించిన." అదీ తేడా. మాల అందరూ వేసుకున్నారు, మధ్యలో తనను తాను గమనించుకున్నవాడికి మాల తీశాక కూడా ఏదో మిగిలింది.

మన ఇంటర్ హాస్టళ్లలోనూ ఇదే సంగతి. పొద్దున ఐదింటికి బెల్లు, రాత్రి పదింటిదాకా స్టడీ అవర్లు. రెండేళ్లు బెల్లు కొడుతూనే ఉంటుంది, పిల్లవాడు కూర్చుంటూనే ఉంటాడు. ర్యాంకు కూడా రావచ్చు. ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలో బెల్లు లేదు. బాగా చదివేవాడనుకున్న పిల్లవాడు మధ్యాహ్నం పన్నెండుకు లేస్తున్నాడని ఫోన్ చేసి ఏడ్చిన తల్లులున్నారు. వాడు చెడిపోలేదమ్మా. వాడికి కూర్చోవడం ఎప్పుడూ రాలేదు, బెల్లుకు కూర్చోబెట్టడం వచ్చు. ఇప్పుడు మొదటి నుంచి, పది నిమిషాలతో మొదలుపెట్టాలి. ఆలస్యమేం కాలేదు.

ప్రశ్న మార్చండి అని కూడా చెబుతుంటాను. "ఎంత అయింది?" అనేది గిన్నె వంచే ప్రశ్న. అడక్కుండా ఉండలేకపోతే, భోజనాల దగ్గర, అదీ ఎప్పుడో ఒకసారి, "ఇవాళ ఏం కనిపించింది?" అనండి. జవాబు రాకపోతే పప్పు వడ్డించి ఊరుకోండి. ఒక్కొక్కసారి పిల్లలకు చెప్పాలనిపించేది రెండు రోజుల తరవాత, స్కూటరు వెనక కూర్చున్నప్పుడు చెబుతారు.

ఇంకొక్క మాట, త్వరగా చెప్పేస్తాను. ఎంత చిన్న పనైనా ఏ పిల్లవాడైనా అసలు నిలవలేకపోతుంటే, బడిలో కూడా అదే మాట అంటుంటే, ముందు కళ్లూ చెవులూ నిద్రా చూపించండి, పిల్లల డాక్టరును అడగండి. నా తరగతిలో అల్లరివాడని ఏడాదంతా వెనక బెంచీలో కూర్చున్నవాడికి బోర్డు మీద అక్షరాలు కనిపించడం లేదని ఏప్రిల్‌లో తెలిసింది. ఆ ఏడాది క్లాస్ టీచర్ని నేనే.

పార్కు బెంచీ ఆయన దగ్గరికి తిరిగి వస్తాను. వారం తరవాత మళ్లీ కలిశాడు. "మీకేమైనా సగంలో ఆగిపోయిన పని ఉందా?" అనడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించాడు. జనరల్ బజార్‌లో బట్టల దుకాణంలో లెక్కలు రాస్తాడట. అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ రెండో ఏడాదిలో ఆగిపోయింది, పెళ్లీ పిల్లలూ వచ్చి. "ఇప్పుడేం చదువు మేడమ్, నవ్వుతరు," అన్నాడు. పరీక్ష రాయమనలేదు నేను. రాత్రి అన్నం తిన్నాక ఫోన్ పక్కగదిలో పెట్టి, ఆ పాత పుస్తకం పది నిమిషాలు తెరవమన్నాను, పిల్లవాడి టేబుల్ దగ్గరే. వాడితో ఏమీ అనొద్దన్నాను, ముఖ్యంగా "చూడు, నేను చదువుతున్నా" అనొద్దన్నాను. ఆయన తలూపాడు. చేస్తున్నాడో లేదో నాకు తెలీదు. నేనూ అడగలేదు.

ఊరికే చెప్పడం తేలికని మీరనొచ్చు. రిటైరయ్యాక నేను ఉర్దూ చదవడం మొదలుపెట్టాను. ఈ ఊళ్లో పుట్టి పెరిగి, సగం బోర్డులు నాకు గోడ మీద గీతల్లాగే ఉండడం నామోషీ అనిపించింది. పొద్దున్న చాయ్ తాగగానే ఇరవై నిమిషాలు. కుడి నుంచి ఎడమకు చదవాలి, అక్షరం పక్క అక్షరంతో కలిస్తే రూపం మారిపోతుంది, పొట్టి అచ్చులు రాయనే రాయరు, ఊహించుకోవాలి. మొదటి మూడు నెలలు ఒక్కొక్క మాటకు చెమట పట్టేది. నాకు లాలీ గారి లెక్కలో నూటయాభై దాకా పట్టి ఉంటుంది. ఇప్పుడు మోండా మార్కెట్‌లో అత్తరు దుకాణం మీది పేరు చదివి లోపలికి వెళ్లకుండానే ఎంతో కొన్నంత సంతోషపడి వస్తుంటాను.

పోయిన వేసవి నుంచి మా మనవడు కూడా అదే టేబుల్‌కు అవతలి వైపు వచ్చి కూర్చుంటున్నాడు. తొమ్మిదేళ్లు. ఎవరూ రమ్మనలేదు. పాలగ్లాసు పక్కన పెట్టుకుని నోటుబుక్కులో ఏదో గీస్తాడు. లాలాగూడ షెడ్డు ఇంజిన్లంటే వాడికి పిచ్చి, డబ్ల్యూఏపీ-7 అని దూరం నుంచి హారన్ విని చెబుతాడు. ఎన్ని రోజులైందో లెక్కపెట్టకూడదని అనుకుంటూనే లెక్కపెడుతున్నాను, ఇవాళ్టికి ఎనభై మూడు. రెండు రోజులు రాలేదు, ఒకరోజు జ్వరం, ఒకరోజు అలిగాడు.

నిన్న పొద్దున నీళ్లు తాగడానికి లేచి వంటింట్లోకి వెళుతూ నోటుబుక్కు టేబుల్ మీదే తెరిచి వదిలేశాడు. నా వైపుకే ఉంది. ఇంజిన్ ముందు భాగం సగం, కింద తెలుగులో ఏదో రెండు పంక్తులు రాసినట్టుంది. కళ్లజోడు తీసి పెట్టెలో పెట్టుకున్నాను.